ఒకరి పరుగు, వేఱొకరి వ్యథ

ప్రతి సంవత్సరమును వసంతఋతువునందు లండన్ మహానగరమున వేలకొలది స్త్రీపురుషులు గ్రీనిచ్ చెంతనున్న బ్లాక్‌హీత్ మైదానమున ప్రొద్దుననే గుమిగూడి, థేమ్స్ నదిని టవర్ వంతెన మీదుగా దాటి, రేవుల ప్రాంతమును చుట్టి, రాజప్రాసాదము ముంగిటి మాల్ వీధి వఱకు 42.195 కిలోమీటర్ల దూరము పరుగిడుదురు. 1981లో క్రిస్ బ్రాషర్, జాన్ డిస్లీ అను ఇరువురు పూర్వక్రీడాకారులు నెలకొల్పిన ఈ మారథాన్‌లో గెలుపు కొఱకు పరుగెత్తువారు కొలదిమంది మాత్రమే. తక్కినవారిలో అనేకులు ఏదో యొక సేవాసంస్థ పేరు ఱొమ్మున ధరించి, బంధుమిత్రులను, పరిచితులను అడిగి తెచ్చిన విరాళములను ఆ సంస్థకు సమర్పించుటకై పరుగెత్తువారు. ఈ విధమున నేటివఱకు సమకూడిన ధనము వంద కోట్ల పౌండ్లకు మించినది. అట్టి సంస్థలలో ‘కాంబాట్ స్ట్రెస్’ అనునది యొకటి. మొదటి ప్రపంచసంగ్రామము ముగిసిన మఱుసటి యేట, 1919లో, దేహముతో ఇల్లు చేరియు మనస్సుతో చేరలేకపోయిన సైనికులను ఆదరించుటకై అది వేఱొక నామముతో జన్మించినది. శతాబ్దము గడచినను దానికి పని తఱుగలేదు.

ఈ పరుగునందలి క్రీడావిశేషములను విడిచి, దాని ధర్మమును మాత్రమే విచారింపదలచితిని. ఒకని పిక్కలు నొచ్చినంతమాత్రమున వేఱొకని నిద్రను కలచివేయు భీకరస్వప్నము ఎట్లు తగ్గును? కావలసినది ధనమే యైనచో, ధనము గలవారు దానిని నేరుగా నిచ్చిన చాలదా? నడుమ ఈ దేహక్లేశ మెందులకు? ఇది పైకి లోకవ్యవహారమునకు సంబంధించిన సందేహమువలె కనబడినను, ఒకని తపఃఫలము వేఱొకనికి చెందునా, ఒకని దుఃఖభారమును వేఱొకడు మోయగలడా యని మన పూర్వులు తరతరములుగా తర్కించిన ప్రశ్నయే ఇందు దాగియున్నది. దానికి సమాధానము వెదకుటకు మునుపు ఈ పరుగు పుట్టినచోటికి ఒకసారి పోయి రావలెను.

క్రీస్తుపూర్వము 490వ సంవత్సరమున గ్రీసు దేశమున మారథాన్ మైదానమునందు ఏథెన్సు సేన పారసీక సేనను ఓడించెను. ఆ జయవార్తను మోసికొని ఒక భటుడు ఏథెన్సునకు పరుగెత్తి, వార్త చెప్పి, ప్రాణములు విడిచెనను కథను లోకమంతయు ఎఱుగును. నేటి పరుగునకు ఆ పేరు దానినుండియే వచ్చినది. కాని ఆ యుద్ధమునకు మిక్కిలి సమీపకాలపు చరిత్రకారుడైన హెరొడోటస్ ఈ కథను చెప్పలేదు. ఆయన చెప్పినది, యుద్ధమునకు ముందు సహాయము కోరుటకై ఫిలిప్పిడిస్ అను వార్తాహరుడు ఏథెన్సునుండి స్పార్టాకు పరుగెత్తి మఱునాటికే చేరెనని. ప్రాణము విడిచిన భటుని కథ శతాబ్దముల తరువాతి రచయితలది. అయితే హెరొడోటస్ ఆ యుద్ధమును వర్ణించుచు మఱియొక వృత్తాంతమును చెప్పియున్నాడు; దానిని లోకము దాదాపుగా మఱచిపోయినది. ఎపిజీలస్ అను ఏథెన్సు యోధుడు వీరోచితముగా పోరాడుచుండగా, ఒంటికి దెబ్బ తగులకయే, బాణమైనను ఱాయియైనను సోకకయే, రెండు కన్నుల చూపును ఒక్కసారిగా పోగొట్టుకొని, జీవితాంతము అంధుడై యుండెనట. తన యెదుట మహాకాయుడైన యొక సాయుధుడు, గడ్డము డాలునంతటిని కప్పివేయుచుండగా ప్రత్యక్షమై, తన్ను దాటిపోయి, తన ప్రక్కనున్నవానిని చంపెనని అతడు చెప్పుచుండెడివాడట.

ఇంతకంటె స్పష్టముగా యుద్ధము మనస్సునకు చేయు గాయమును వర్ణించిన పురాతన చరిత్రభాగము మఱియొకటి నాకు తెలియదు. తాను బ్రదికెను, ప్రక్కవాడు చచ్చెను. ఆ క్షణమును చూచిన కన్నులు ఇక దేనిని చూచుటకును ఒప్పుకొనలేదు. ఆ యుద్ధమున మరణించిన ఏథెన్సువారు 192 మంది యని హెరొడోటస్ లెక్క వ్రాసెను. వారి కొఱకు ఆ మైదానముననే కట్టిన సమాధిదిబ్బ నేటికిని ఉన్నది. ఎపిజీలస్ ఆ లెక్కలో లేడు, ఆ దిబ్బలో లేడు. మారథాన్ పేరిట లోకము ఒక పరుగును జ్ఞాపకముంచుకొని ఒక అంధుని మఱచినది. మనస్సు గాయపడిన యోధుల కొఱకు ఎవరైనను మారథాన్ పరుగు తీసినప్పుడు, వారు ఎఱిగియో ఎఱుగకయో, ఆ మైదానము చెల్లింపక మిగిల్చిన ఋణమును చెల్లించుచున్నారని నేను భావించుచున్నాను.

ఎపిజీలస్ కాలమునుండి మన కాలమువఱకు ఈ గాయమును గుర్తించుటలో మానవజాతి చూపిన మాంద్యము విచారింపదగినది. 1915లో చార్లెస్ మైయర్స్ అను వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో ‘షెల్ షాక్’ అను పేరుతో కొందఱు సైనికుల స్థితిని వర్ణించెను. దేహమున దెబ్బ కానరాదు. చూపు మందగించును, జ్ఞాపకశక్తి నశించును, నిద్ర దూరమగును. దానిని వ్యాధియని కొందఱనిరి, పిఱికితనమని పెక్కురనిరి. ఆ యుద్ధకాలమున బ్రిటిష్ సైన్యము పలాయనము, పిఱికితనము మున్నగు నేరములకు తన సైనికులలో 306 మందిని తన తుపాకులతోనే కాల్చి చంపినది. వారిలో మనస్సు చెదరి నిలువలేకపోయినవారును ఉండిరి. 2006లో, తొంబదియేండ్ల తరువాత, ఆ దేశము వారికి మరణానంతర క్షమాభిక్ష ప్రసాదించెను. క్షమింపవలసినవారు ఎవరు, క్షమాపణ వేడవలసినవారు ఎవరు అను మాటను పాఠకుల ధర్మబుద్ధికే విడుచుచున్నాను.

ఆ చీకటిలోనే దీపము పట్టినవారు కొందఱు లేకపోలేదు. ఎడింబరో చెంత క్రెయిగ్‌లాక్‌హార్ట్ వైద్యశాలలో పనిచేసిన డాక్టర్ రివర్స్ అట్టివాడు. మన నీలగిరులకు వచ్చి తోడా జనుల ఆచారవ్యవహారములను పరిశీలించి 1906లో వారిని గూర్చి ఉద్గ్రంథము ప్రకటించిన రివర్స్ ఈయనయే. పరజాతి జనుల మాటను తన మాటకంటె శ్రద్ధగా వినుట నేర్చిన ఆ మనుష్యుడు, యుద్ధమునుండి వచ్చిన అధికారుల మాటను సయితము అట్లే వినెను. జరిగినదానిని మఱచిపొమ్మని బోధించుట నాటి వైద్యుల వాడుక. రివర్స్ అది హానికరమని వాదించెను. పైచర్మము పూడుకొన్నంతమాత్రమున లోపల విఱిగిన ముల్లు కరగిపోదు గదా! జ్ఞాపకమును రోగి తానే మెల్లగా చూడగలుగునట్లు, దానితో కలసి బ్రదుకగలుగునట్లు ప్రక్కన ఒకడు కూర్చుండవలెనన్నదే ఆయన చికిత్సాసారము. 1917లో కవులైన ససూన్, ఓవెన్ ఇరువురును ఆ వైద్యశాలలో ఉండిరి. ససూన్ ఆయన చేతి రోగియే. ఓవెన్ కోలుకొని రణరంగమునకు మరలిపోయి, యుద్ధవిరమణకు ఒక్క వారము ముందు మరణించెను. స్వస్థపఱచిన వానిని మరల ఆ అగ్నిలోనికే పంపవలసివచ్చుట ఆ కాలపు వైద్యులకు ప్రాప్తించిన ధర్మసంకటము. దానికి నిర్దోషమైన పరిష్కారము ఉండెనని నేను చెప్పజాలను.

అటుపిమ్మట వియత్నాం యుద్ధము ముగిసిన తరువాత, 1980లో, అమెరికాదేశపు మానసిక వైద్యుల సంఘము ఈ రోగమునకు తమ రోగనిర్ణయ గ్రంథమున స్థానమిచ్చినది. అయినను వైద్యుల వర్ణనలో మొదట చిక్కినది భయము. యుద్ధమునకు పోయివచ్చినవానిని పీడించునది భయమొక్కటే కాదు. తాను చేసినది, తాను చేయక విడిచినది, తన కన్నులయెదుట జరుగుచుండగా ఆపలేకపోయినది, ఇవి రాత్రివేళ వచ్చి ఎదుట నిలుచును. వియత్నాం యోధులకు చిరకాలము చికిత్స చేసిన జోనథన్ షే అను వైద్యుడు హోమరు కావ్యములోని అఖిలీసు కథతో వారి కథలను పోల్చి చూచి, ఈ ధర్మవ్యథను ప్రత్యేకముగా గుర్తించెను.

ఆంధ్ర పాఠకులకు ఈ విషయమున హోమరు దాక పోవలసిన పనిలేదు. కురుక్షేత్రమున గెలిచినవాని దుఃఖమే శాంతిపర్వమునకు ద్వారము. కర్ణుడు తన అన్నయని తెలిసికొన్న ధర్మరాజు రాజ్యమును రోసి, అడవికి పోయెదనని పట్టుపట్టును. తమ్ములు తర్కింతురు, మునులు బోధింతురు. ద్రౌపది చెప్పిన మాట మాత్రము విశేషమైనది. సంస్కృత భారతమున ఆమె, త్రోవ తప్పిన చిత్తముగలవానికి ధూపములతోను, అంజనములతోను, నస్యములతోను, ఔషధములతోను చికిత్స చేయింపవలెనని నిష్కర్షగా పలుకును. శోకోపదేశముల నడుమ వైద్యుని అవసరమును గుర్తించిన ఆ స్త్రీ వివేకమునకు నేను నమస్కరించుచున్నాను. మఱియు గమనింపదగిన దేమనగా, భీష్ముడు అంపశయ్యపై పరుండి చెప్పిన ధర్మములన్నియు విని, శాంతి అనుశాసనములను రెండు మహాపర్వములు గడచిన పిమ్మటను, ఆ పితామహునికి జలతర్పణము విడిచి గంగ గట్టెక్కగనే ధర్మరాజు మరల దుఃఖభారమున కూలబడును. వ్యాసుడు అప్పుడు మఱల ఉపన్యాసముతో సరిపెట్టక, అశ్వమేధమను పనిని చేయుమని నిర్దేశించును. వినుట కొంత నయము చేయును. మిగిలినదానికి చేతులతోను కాళ్లతోను చేయవలసిన కార్యము కావలెను, అదియును నలుగురితో కలసి చేయు కార్యము కావలెను.

ధర్మరాజునకు వ్యాసుడు, కృష్ణుడు, భీష్ముడు గలరు. ఆ పదునెనిమిది అక్షౌహిణులలో ప్రాణములతో మిగిలి ఇల్లు చేరిన ఏ కాలిబంటునకు ఎవరు గలరు? కళింగయుద్ధమును గూర్చి అశోకుడు తన పశ్చాత్తాపమును శిలలపై చెక్కించెను. మన కర్నూలు సీమలోని ఎర్రగుడి శిలలపైనను ఆయన ధర్మశాసనములు ఉన్నవి. చక్రవర్తి పశ్చాత్తాపమునకు శిల దొరికినది. ఆయన ఆజ్ఞచేత కత్తి నెత్తినవాని పశ్చాత్తాపమునకు వాని భార్య, వాని బిడ్డలు తప్ప సాక్షులు లేకపోయిరి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చెదను. ఎవడు చేసిన కర్మఫలమును వాడే అనుభవింపవలెనను నియమము కఠినమైనది; దానిని సడలించినచో ధర్మవ్యవస్థకు ఆధారము పోవును. అయినను ఆ నియమమును ప్రతిష్ఠించిన గ్రంథములే దానికి విరుద్ధముగ కనబడు కథలనును చెప్పినవి. స్వర్గమునుండి జాఱిన యయాతికి దౌహిత్రులు నలువురు తమ పుణ్యములను సమర్పింప, అతడు మరల పైకెక్కెను. వాని కూతురైన మాధవి తన తపస్సులో సగమిచ్చెను. మార్కండేయపురాణమున విపశ్చిత్తు కథ ఇంకను లోతైనది. ఆ పురాణమును తిక్కన శిష్యుడైన మారన మనకు తెనుగున నిచ్చెను. అల్పదోషమునకై క్షణకాలము నరకము చూచి మరలిపోబోవుచున్న ఆ రాజును అచ్చటి యాతనాజీవులు నిలువుమని వేడుకొందురు. అతని దేహమును సోకి వచ్చు గాలి తమ తాపమును తగ్గించుచున్నదందురు. అంత అతడు, తన యునికివలన వీరికి ఉపశమనము కలుగుచున్నచో తనకు స్వర్గము వలదని అచ్చటనే నిలిచిపోవును. పుణ్యదానము, జీవుల విమోచనము పిదపటి మాటలు.

ఈ క్రమమునందే నాకు సమాధానము దొరకినది. విపశ్చిత్తు మొదట ఇచ్చినది పుణ్యము కాదు, సన్నిధి. తపఃఫలము ధాన్యమువలె కొలిచి ఇంకొకరి గాదెలో పోయదగిన వస్తువు కాదని కర్మసిద్ధాంతము చెప్పుచున్నది, అది సత్యమే. కాని దుఃఖితుని విడిచిపోక నిలుచుట అను పని ఏ కర్మనియమమునకును విరుద్ధము కాదు. క్రైస్తవ సంప్రదాయమునను ఇట్టి ద్వంద్వమే కలదు: గలతీయులకు వ్రాసిన లేఖలో పౌలు ఒకరి భారము నొకరు మోయుడని బోధించి, ఆ అధ్యాయముననే ఎవని బరువు వాడే మోయవలెనని చెప్పును. ఈ రెండింటికిని వైరము లేదు. బరువును మార్చుకొనలేము, దారిని పంచుకొనగలము. పరుగెత్తువాడు తన నొప్పిచేత సైనికుని నొప్పిని తీర్చలేడు. తీర్చుచున్నానని తలచినచో అది అహంకారము. గీతయందు పదునేడవ అధ్యాయము దేహమును దంభముకొఱకు పీడించు తపస్సును ఏ తరగతిలో చేర్చినదో పెద్దలు ఎఱుగుదురు. అతడు చేయగలిగినది, కనబడని వ్యథకు నలుగురు చూచునట్లుగా ఒక దేహమును సాక్షిగా నిలుపుట. తెగిన కాలు వీధిలో ఎల్లరకును కనబడును. తెగిన నిద్ర ఎవరికి కనబడును? నెలల తరబడి వానలోను చలిలోను అభ్యాసము చేసి, ఇరుగుపొరుగువారు ఎందుకీ ప్రయాసయని అడిగిన ప్రతిసారియు ఆ సైనికుని గూర్చి చెప్పుట, ఆ చెప్పుటయే వ్రతము.

ఇక యాచన. తన కొఱకు చేయి చాచుట మనుజుని చిన్నబుచ్చునని మన నీతికారులందఱు ఏకకంఠముగ చెప్పిరి; ఇంకొకరి కొఱకు చాచిన చేయి అట్టిది కాదు. ధనవంతుడొకడు ఒక్క పద్దులో వ్రాసి యిచ్చిన మొత్తమును, వందమంది ఇంటింట చిన్నచిన్న మొత్తములుగ నిచ్చినదియు వైద్యశాల లెక్కలో సమానమే కావచ్చును. ధర్మము లెక్కలో మాత్రము సమానము కావు. రెండవదానిలో వందమంది ఒక సైనికుని దుఃఖమును గూర్చి ఒక్క క్షణమైనను తలచిరి.

అయితే ఆ ధనమును దానమని పిలుచుటకు నా మనస్సు ఒప్పదు. రక్షించు రాజునకు ప్రజల పుణ్యములో ఆఱవ పాలును, రక్షింపని రాజునకు వారి పాపములో ఆఱవ పాలును చెందునని మనుస్మృతి విధించినది. ప్రభుత్వమునందు చేసినవానికి మాత్రమే కర్మ అంటదు, చేయించిన వానికిని అంటునని దాని భావము. ప్రజలే ప్రభువులైన దేశములయందు ఆ పాలు ఎవరికి చెందవలెను? యుద్ధమునకు సమ్మతి తెలిపినవారికి, సమ్మతి తెలుపకున్నను ఆ యుద్ధము చాటున సుఖనిద్ర పోయినవారికి, అందఱికిని చెందవలెను. మనపేర తుపాకి పట్టి, మనపేర చంపి, మనపేర మిత్రుని శవమును మోసినవాడు తెల్లవాఱుజామున ఉలికిపడి లేచినప్పుడు ఆ మేల్కొలుపులో మన పాలు కలదు. దానమైనచో ఇచ్చినవాడు పొంగవచ్చును, పుచ్చుకొన్నవాడు తలవంపవలెను; ఋణమైనచో ఇచ్చినవాడు ఆలస్యమునకు సిగ్గుపడవలెను, పుచ్చుకొన్నవాడు తలయెత్తి పుచ్చుకొనవచ్చును.

ఋణమే యైనచో ప్రభుత్వము పన్నుల ద్రవ్యమునుండి చెల్లింపవలెను గాని వీధిలో పరుగెత్తువారి వీపుపై మోపుటేమి యని కొందఱు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. సేవాసంస్థలు ఉన్నవను నెపముతో ఏ ప్రభుత్వమును తన బాధ్యతనుండి తప్పించుకొనరాదు. కాని ప్రభుత్వము వైద్యునకు జీతమీయగలదు, ఔషధము ఈయగలదు. సైనికుడు మరలివచ్చిన వీధిలోని జనులు వాని మౌనమును అర్థము చేసికొనునట్లు చేయుట దాని చేతిలో లేదు. ఆ పని వీధిది.

మన సీమలోను ఈ ఋణము చిన్నది కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము దాపున, తరతరములుగ బిడ్డలను సైన్యమునకు పంపి ‘మిలిటరీ మాధవరము’ అని పేరొందిన గ్రామము కలదు. అంత పేరు పొందకున్నను కొడుకులను పంపిన పల్లెలు తెలుగునాట ఎన్నియో కలవు. సిపాయిలలో పెక్కురు నలువది యేండ్లు నిండకమునుపే పింఛను పుచ్చుకొని ఇల్లు చేరుదురు. బ్యాంకు వాకిట తుపాకితో కాపలా కాయుదురు, పొలము చేయుదురు. వారిలో ఎవనికైనను నిద్ర పట్టదన్నచో చాదస్తమందుము. త్రాగినచో మిలిటరీ అలవాటందుము. బిడ్డలపై ఉలికిపాటుతో అఱచినచో కోపిష్టియందుము. ‘ఏమి చూచితివి, బాబాయీ?’ అని ప్రక్కన కూర్చుండి అడిగి, చెప్పినంతవఱకు విని, చెప్పనిదానికై తొందరపెట్టకుండు వారు ప్రతి వీధిలో ఒక్కరైనను ఉండవలెను. మాజీ సైనికుల వైద్యమునకై 2003 నుండి నడచుచున్న ఈసీహెచ్‌ఎస్ పథకమున మానసిక చికిత్సకు సయితము తావు కలదని వారి ఇంటివారికి చెప్పువారును ఉండవలెను.

మన నగరములలోను నేడు మారథాన్ పరుగులు పెరిగినవి. పరుగెత్తు యువకులారా, ఒక్క యేడు ఆ పరుగును మీ ఊరి మాజీ సైనికుని పేర తీయుడు, విరాళమడుగునప్పుడు వాని నిద్రలేమిని గూర్చి జంకక చెప్పుడు. పరుగెత్తలేనివారికి డిసెంబరు 7 కలదు. 1949 నుండి దేశమంతట ఆనాడు సాయుధదళముల పతాకదినము జరుపుచు, సైనికుల సంక్షేమమునకై విరాళములు కూర్చుచున్నారు. ఆ చిన్న జెండాను పుచ్చుకొని డబ్బు వేసినప్పుడు దానమిచ్చితిమని అనుకొనవద్దు. మీ యింట గాని మీ ప్రక్కయింట గాని రాత్రులు మేల్కొని కూర్చుండు మాజీ సైనికుడున్నచో, ప్రభుత్వము నడపు మానసికారోగ్య సహాయసేవ టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేయుడు. అచ్చట తెలుగున మాటలాడువారు ఉన్నారు, రుసుము లేదు.